వెనక బెంచీకి వినపడలేదు

మా నీటి పరీక్షల ల్యాబులో ఆ అమ్మాయిని అందరూ చుక్క అని పిలిచేవాళ్ళు. అందం చూసి పెట్టిన పేరు కాదు. బ్యూరెట్ అనే కొలత గొట్టం కింద ఫ్లాస్కు పట్టుకుని ద్రావణం వదులుతున్నప్పుడు, రంగు మారే ఆ ఒక్క చుక్క దగ్గర ఠక్కున ఆపడంలో మా పద్దెనిమిది మందిలో ఆమెకు సాటి ఎవరూ లేరు. మిగతావాళ్ళం ఒక చుక్క ఎక్కువ జారవిడిచి, నాలుక కరుచుకుని, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేవాళ్ళం. ఆ ల్యాబుకి ప్రధాన ఎనలిస్టుని అయ్యుండి నేనూ ఎన్నోసార్లు నాలుక కరుచుకున్నాను.

పంపుహౌసుల నుంచీ, కాలనీల ట్యాంకుల నుంచీ రోజుకి వందకు పైగా సీసాలు వచ్చేవి మాకు. చుక్క మా దగ్గర చేరింది ఆ సీసాలు కడగడానికి. కెమిస్ట్రీలో డిగ్రీ చేసిన పిల్ల సీసాలు కడగడానికి ఎందుకొచ్చిందా అని మార్కుల జాబితా అడిగి చూశాను. జీపీఏ పదికి ఐదు పాయింట్ నాలుగు.

"ఏమ్మా, మార్కులు ఇలా ఉన్నాయేం?" అన్నాను.

"చదవలేదు మేడమ్" అంది, తలెత్తకుండా.

సరేలే అనుకున్నాను. ఏడాది తిరక్కుండానే ఆమె చేతికి బ్యూరెట్ ఇచ్చాను. నాకు తెలిసి నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి.

మనిషి మెత్తన. టీ తెచ్చి ముందు పెడితే రెండుసార్లు థాంక్స్ చెప్పే రకం. కానీ ఏటా పీజీ ప్రవేశాల నెల వచ్చిందంటే ఆ మెత్తదనం ఎటు పోయేదో గానీ, ముఖం మాడ్చుకుని, పలకరిస్తే కరిచేటట్టు తిరిగేది. కారణం మాకందరికీ తెలుసు. భోజనాల వేళ ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని దరఖాస్తులు నింపేది. 'డిగ్రీ జీపీఏ' అన్న గడిలో తన అంకె కొట్టగానే ఎర్ర అక్షరాల్లో 'అర్హత లేదు' అని వచ్చేది. ఆరు ఉండాలి. ఆరు లేనివాళ్ళకి తర్వాతి పేజీ తెరుచుకోదు. ఒక ఏడాది ఐదు పాయింట్ తొమ్మిది తొమ్మిది అని కొట్టి చూసింది, యంత్రానికైనా కనికరం ఉంటుందేమోనని. లేదు.

ఎనిమిదో ఏడు కూడా అలాగే జరిగిన రోజున నేను ఊరుకోలేకపోయాను.

"పోనీ ఆ చదువు ఆశ వదిలేయరాదూ? ఉద్యోగం ఉంది, పనిలో పేరుంది. ఎందుకు ఏటేటా ఆ కంప్యూటర్ చేత మొహం మీద కొట్టించుకోవడం?"

చుక్క కుర్చీ నా వైపు తిప్పుకుంది. "నేను చదవలేదని మీతో అబద్ధం చెప్పాను మేడమ్" అంది. ఆ తర్వాత గంటసేపు తను మాట్లాడుతూనే ఉంది, నేను భోజనం ముట్టలేదు.

డిగ్రీ మూడో ఏడు ప్రాక్టికల్ క్లాసులో చుక్క పక్కన కూర్చునే అమ్మాయి ఆ డిపార్టుమెంటు హెడ్డుకి స్వయానా అన్నకూతురు. ఇద్దరూ బాగా స్నేహంగా ఉండేవారు. ఒక వారం ఆ అన్నకూతురు క్లాసుకి రాలేదు. తిరిగొచ్చాక, "నీ రికార్డు ఒక్క రోజు ఇవ్వవే, ఎలా రాయాలో చూసుకుని ఇచ్చేస్తాను" అని అడిగింది. చుక్క ఇచ్చింది. రెండు రికార్డులూ ఒకే రోజు హెడ్డు బల్ల మీదకి వెళ్ళాయి. రెండింట్లోనూ ద్రావణం సీసా నంబరు ఒకటే. రీడింగులు పొల్లుపోకుండా ఒకటే.

"రెండు రికార్డులు ఒకేలా ఉంటే ఎవరు ఎవర్ని చూసి రాశారో అడగాలి కదా మేడమ్. ఆయన అడగలేదు. ప్రాక్టికల్ క్లాసులో అందరిముందూ నన్ను లేపి నిలబెట్టాడు. కాగితం తీసి చదివాడు. నేను దొంగతనంగా చూసి రాశానట, ఆ రికార్డులో ఉన్న రెండు ప్రాక్టికల్స్‌కీ సున్నా అట. చదివేసి, 'వెనక బెంచీకి కూడా వినపడిందా?' అని అడిగాడు. వెనక బెంచీవాళ్ళు వినపడింది సార్ అన్నారు. నేనే ఆ ప్రయోగం చేశాను సార్, స్టోరు రిజిస్టరు చూడండి అన్నాను. రిజిస్టర్లు స్టూడెంట్లు అడిగితే చూపించేవి కావు, కూర్చో అన్నాడు."

"మరి ఆ పిల్ల?"

"లైబ్రరీ మెట్ల మీద పట్టుకుని అడిగాను. నువ్వే చెప్పవే మీ బాబాయికి అని. తింటున్న డబ్బాకి మూత పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. ఒక్క మాట మాట్లాడలేదు."

తర్వాత మళ్ళీ పరీక్ష రాయిస్తే అత్తెసరు పాసు గ్రేడు వేశారు. చుక్కకి ఆ చదువు మీదే విరక్తి పుట్టి మిగిలిన క్లాసులు సగం ఎగ్గొట్టింది. ఒక లెక్కల పేపరు రెండుసార్లు తప్పింది. ఆ మాట దాచకుండా చెప్పింది నాకు. కానీ అదంతా ఆ సున్నాల తర్వాతే జరిగిందని మరీ మరీ చెప్పింది. హెడ్డు చదివిన కాగితం నకలు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇనప్పెట్టెలో నగలా దాచుకుందట. ఇన్నేళ్ళూ వాళ్ళమ్మకి కూడా చూపించలేదు.

నేను ఆ హెడ్డు మొహం ఎరగను. కానీ ఆ రోజు మధ్యాహ్నం ఒకే నమూనాని మూడుసార్లు మొదటినుంచి మొదలుపెట్టాను.

అదే ఏడు మా ల్యాబులో ఒక పెద్ద తప్పు బయటపడింది. బయటపెట్టింది చుక్కే. ఒక పంపుహౌసు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉన్నట్టుండి సగానికి పడిపోయినట్టు రిపోర్టులు వస్తున్నాయి. అందరం సంతోషించాం. చుక్క మాత్రం నమ్మలేదు. మురికి నీళ్ళు తేరడానికి అక్కడ పటిక వేస్తారు. ఆ పటిక మోతాదు పెంచిన వారం నుంచే ఫ్లోరైడ్ తగ్గిందని రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి చూపించింది. నీళ్ళలో మిగిలిపోయిన పటిక మా పరీక్షనే మోసం చేస్తోంది, ఫ్లోరైడ్ ఎక్కడికీ పోలేదు. మూడు నెలలపాటు రోజూ సాయంత్రం ఒక గంట ఉండి మూడు వందల నమూనాలు మరో పద్ధతిలో మళ్ళీ పరీక్షించింది. ఆ నివేదిక మీద మొదటి పేరు ఆమెది వేయించాను. పైవాళ్ళు నా పేరు ముందుండాలన్నారు. ఉండదన్నాను.

ఆ నివేదిక పట్టుకుని నేనే దారి వెతికాను. యూనివర్సిటీల నిబంధనల పుస్తకాల్లో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది: గుర్తింపు ఉన్న ల్యాబులో ఐదేళ్ళకు పైగా పనిచేసినవాళ్ళు ప్రవేశ పరీక్షలో మొదటి పదిమందిలో నిలిస్తే, ఇంటర్వ్యూలో మెప్పిస్తే, డిగ్రీ మార్కుల నిబంధన సడలిస్తారు. దరఖాస్తు కంప్యూటర్లో కాదు, కాగితం మీద ఇవ్వాలి. ఇలాంటి నిబంధన మూడు యూనివర్సిటీల్లో ఉంది. రెండు దగ్గర్లోవే, మంచివే. మూడోది ఆ హెడ్డు ఉన్నది, చుక్క డిగ్రీ చదివింది కూడా అక్కడి కాలేజీలోనే.

చుక్క మూడోదానికే పెడతానంది.

"నీకేమైనా పిచ్చా? ఇంటర్వ్యూలో ఆయనే కూర్చుంటాడు. హాయిగా వేరేచోట చేరి చదువుకో."

"వేరేచోట చేరితే ఆయనకెలా తెలుస్తుంది మేడమ్?"

ఉన్నమాట చెప్పాలంటే, వద్దని గట్టిగా చెప్పే ఇష్టం నాలో లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన నా పనిని తన పనిగా చెప్పుకుని, నన్ను టీలు అందించమన్నాడు. ఆయన ఎప్పుడో పోయాడు. ఆయనతో అనాల్సిన మాట నా గొంతులోనే ముప్పై ఏళ్ళు ఉండిపోయింది. ఈ పిల్లదైనా బయటికి రానీ అనుకున్నాను.

ఎందుకు చదవాలనుకుంటున్నావో రాయమని దరఖాస్తులో ఒక పేజీ ఉంటుంది. చుక్క నాలుగు పేజీలు రాసుకొచ్చింది. మొదటి వాక్యంలోనే ఆ హెడ్డు పేరుంది.

"ఇది దరఖాస్తా, చార్జిషీటా?" అన్నాను.

"నిజమే కదా రాశాను!"

"నిజం లోపలికి వెళ్ళాక చెబుదువుగాని. ముందు లోపలికి వెళ్ళాలి. పటిక గురించి రాయి. తక్కువ మార్కుల గురించి ఒక్క వాక్యం రాయి, ఏడవకుండా రాయి."

ఏడుసార్లు కొట్టివేయించాను. చివరికి మిగిలిన వాక్యం ఇది: 'నా డిగ్రీ మార్కులు నా పనికి సరైన కొలత కావు, నా పని ఈ కాగితాలకు జతచేశాను.' నేనిచ్చిన సిఫార్సు ఉత్తరంలో కూడా పొగడ్తలు రాయలేదు. నా కింద పనిచేసినవాళ్ళలో నా తప్పుని నా మొహం మీద చెప్పింది ఈమె ఒక్కతే అని రాసి సంతకం పెట్టాను.

అప్పుడే వాళ్ళమ్మకి కూడా చెప్పక తప్పలేదు. ఆవిడ ఇంట్లోనే కుట్టుమిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతుంది. నేను ఆ సాయంత్రం వాళ్ళింట్లోనే ఉన్నాను. కూతురు కవరులోంచి కాగితం తీసి చదువుతుంటే ఆవిడ మిషను ఆపలేదు. చదవడం అయ్యాక సూది కింద బట్ట తిప్పుతూ, "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే?" అంది.

"నువ్వు బాధపడతావని అమ్మా."

"బాధా? నేనెందుకు బాధపడతాను? అప్పుడే చెప్పుంటే ఆ క్లాసుకే వచ్చి, కత్తెర పట్టుకుని వెనక బెంచీలో కూర్చునేదాన్ని. వాడు చొక్కా కుట్టించుకోడానికి నా దగ్గరికి రాకపోతాడా, చేతులు దూర్చే కంతలు లేకుండా కుట్టి ఇవ్వకపోతానా!"

కూతురి పగ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

ప్రవేశ పరీక్షలో చుక్కకి నాలుగో ర్యాంకు వచ్చింది. తొమ్మిదేళ్ళు రోజూ చేతులతో చేసిన పనే ప్రశ్నపత్రంగా వస్తే ఇంకేం కావాలి? ఇంటర్వ్యూకి వెళ్ళే ముందురోజు మాత్రం నిలవలేకపోయింది. గది తలుపు తీయగానే హెడ్డు తనని చూసి తెల్లబోతాడు, మాట తడబడతాడు, అప్పుడు తను ఏమనాలి అని నాతో మూడు రకాలుగా చెప్పి చూసుకుంది.

తెల్లబోలేదు. అసలు గుర్తే పట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబుకి వచ్చి బ్యాగు బల్ల మీద విసిరికొట్టింది. చుక్క వస్తువు విసరడం నేను మొదటిసారి చూశాను. సీటు రాలేదనుకున్నాను.

"వచ్చింది. ఇస్తామని అక్కడే చెప్పారు."

"మరి ఈ వాలకం ఏంటి?"

"మార్కుల జాబితా చూసి, 'ఐదు పాయింట్ నాలుగు! ఈ మార్కులతో ఇక్కడిదాకా ఎలా వచ్చావమ్మా?' అన్నాడు. నా పేరు చదివాడు, మా కాలేజీ పేరు చదివాడు, అది ఆయన డిపార్టుమెంటే. నా మొహంలోకి చూశాడు. ఏమీ లేదు మేడమ్. గోడని చూసినట్టు చూశాడు."

"నువ్వేమన్నావు?"

"బస్సులో వచ్చాను సార్ అన్నాను."

నాకు నవ్వాగలేదు. తను నవ్వలేదు. పక్కన కూర్చున్న బయటి పరీక్షకుడు మాత్రం నవ్వాడట. ఆయనే పటిక నివేదిక తెరిచి ఇరవై నిమిషాలు ప్రశ్నలడిగాడట. చివరికి ఈ అమ్మాయికి సీటివ్వకపోతే నేను తీసుకుపోతాను అన్నాడట. హెడ్డు సరేనని తలూపాడు.

"తొమ్మిదేళ్ళు నేను రోజూ ఆయన మొహం తలుచుకుని నిద్ర లేచాను మేడమ్. ఆయనకి నేను జ్ఞాపకమే లేను" అంది చుక్క. ఎదురుగా ఉన్న పిపెట్ గొట్టాలని కొలత ప్రకారం వరసగా సర్దుతూ, "సరే. జ్ఞాపకం చేస్తాను" అంది.

చదువు సెలవు మంజూరు చేయించి పంపాను. మొదటి వారంలోనే తెలిసిన సంగతి ఏమిటంటే, పీజీ మొదటి ఏడుకి ప్రాక్టికల్స్ చెప్పే లెక్చరరు ఆ అన్నకూతురే. బాబాయిలా కాదు, ఆమె చుక్కని వెంటనే గుర్తుపట్టింది. క్లాసయ్యాక దగ్గరికొచ్చి, "నువ్వా! ఎంత మారిపోయావ్! ఎలా ఉన్నావ్?" అందట. చుక్క జవాబు చెప్పకుండా ఫ్లాస్కులు కడుక్కుంది. రెండేళ్ళ చదువులో ఆమెని మేడమ్ అని గానీ, పేరు పెట్టి గానీ, చివరికి ఏమండీ అని గానీ పిలవలేదు. ఏదైనా అడగాల్సి వస్తే చెయ్యెత్తి నిలబడేది. ఆమె చూసేదాకా అలాగే నిలబడేది.

ఆ డిపార్టుమెంటు స్టోరులో ఏ ద్రావణం తీసుకున్నా సీసా నంబరు, తేదీ, పేరు రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. స్టోరు కీపరు రిటైరవబోతున్న ఒక ముసలాయన. ఒకరోజు చుక్క సంతకం పెడుతూ, అడుగు అరలో దుమ్ము పట్టిన పాత రిజిస్టర్లు చూసింది. ఇవెందుకు దాచారండీ అని అడిగింది. పారేయమని ఎవరూ రాతపూర్వకంగా చెప్పలేదమ్మా, నేనెందుకు పారేస్తాను అన్నాడాయన. ఆ మాటకి ఆయనకి దండం పెట్టాలనిపించిందట చుక్కకి. భోజనాల వేళల్లో కూర్చుని అరలన్నీ తుడిచి, రిజిస్టర్లు ఏడాది వారీగా సర్దిపెడతానంది. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. పదకొండో రోజున దొరికింది.

ఆ వారం, సీసా నంబరు పద్నాలుగు, చుక్క పేరు, చుక్క సంతకం. అన్నకూతురి పేరు ఆ వారమంతా ఎక్కడా లేదు. ఆ పిల్ల ఒక్క సీసా కూడా తీసుకోలేదు. హెడ్డు ఆనాడు చదివిన కాగితంలో ఆయనే రాశాడు, రెండు రికార్డుల్లోనూ సీసా నంబరు పద్నాలుగే అని. ఆ కాగితం పక్కన ఈ పేజీ పెడితే చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది, ఎవరు ప్రయోగం చేశారో, ఎవరు చూసి రాశారో.

చుక్క పేజీ ఫొటో తీసుకుని, స్టోరు కీపరు చేత నకలు మీద సంతకం పెట్టించుకుని, మర్నాడు పొద్దున్నే మా ల్యాబుకి వచ్చింది. ఫిర్యాదు ఇద్దరం కూర్చుని రాశాం. ఈసారి నేను ఒక్క వాక్యం కూడా కొట్టివేయలేదు.

రిజిస్ట్రారు ముగ్గురితో కమిటీ వేశాడు. విచారణ జరిగిన గదిలో హెడ్డు ఒక చివర, అన్నకూతురు ఇంకో చివర కూర్చున్నారట. కమిటీ పెద్ద వేరే డిపార్టుమెంటు ప్రొఫెసరు, మాటలు పొదుపుగా వాడే మనిషి. రిజిస్టరు హెడ్డు ముందు పెట్టి, "ఆ రోజు మీరు దీన్ని ఎందుకు చూడలేదు?" అని అడిగాడు. హెడ్డు నీళ్ళు నమిలాడు. పని ఒత్తిడి అన్నాడు. వందలమంది విద్యార్థులు అన్నాడు. చివరికి, "పదేళ్ళ కిందటి సంగతి ఇప్పుడు తవ్వుకుని ఎవరికేం లాభం? సీటు వచ్చింది కదా, చదువుకుంటోంది కదా!" అన్నాడు.

"నాకు లాభం సార్" అంది చుక్క.

కమిటీ పెద్ద అన్నకూతురి వైపు తిరిగాడు. ఆమె బాబాయి వైపు చూడకుండా, "ఆ వారం నేను ఊళ్ళో లేనండి. ఆ ప్రయోగం నేను చేయలేదు. తన రికార్డు చూసి రాశాను" అంది.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"బాబాయి నన్ను అడగలేదు. ఎవరూ నన్ను అడగలేదు."

"నేను అడిగాను" అంది చుక్క.

మార్కులు సరిదిద్దాలని కమిటీ తీర్మానించింది. ఆ రెండు ప్రాక్టికల్స్‌కీ రికార్డుని బట్టి రావలసిన గ్రేడు వేసి కొత్త జాబితా ఇవ్వాలి, దాని మీద హెడ్డు సంతకం చేయాలి. ఇంకేమైనా చెప్పాలా అని చుక్కని అడిగారు.

"సున్నా వేసింది ఆఫీసులో కాదండీ. ప్రాక్టికల్ క్లాసులో, నన్ను నిలబెట్టి, అందరికీ చదివి వినిపించారు. ఇది కూడా అక్కడే చదివి వినిపించాలి."

హెడ్డు ఏదో అనబోయాడు. కమిటీ పెద్ద ఆయన వైపు కళ్ళద్దాల మీదుగా చూసి, "సబబుగానే ఉంది కదండీ" అన్నాడు. అంతే.

ఆ రోజుకి చుక్క నన్ను పిలిచింది. వాళ్ళమ్మని కూడా పిలిచింది. ఆవిడ మంచి చీర కట్టుకుని, కత్తెర ఇంట్లో పెట్టే వచ్చానని నా చెవిలో చెప్పింది. పొద్దున పదిన్నరకి డిగ్రీ పిల్లలు ముప్పైమంది దాకా తెల్ల కోట్లు వేసుకుని బ్యూరెట్ల ముందు నిలబడ్డారు. మేమిద్దరం గుమ్మం పక్కన స్టూళ్ళ మీద కూర్చున్నాం. ఆ హెడ్డుని నేను చూడడం అదే మొదటిసారి. నేను మనసులో ఊహించుకున్నంత పెద్ద మనిషి కాదు. బక్కపలచగా, చొక్కా జేబులో రెండు పెన్నులతో, ఎవరైనా బస్సులో చోటిచ్చి కూర్చోబెట్టేలా ఉన్నాడు. నాకు ఒక్క క్షణం మనసు మెత్తబడింది. చుక్క మొహం చూశాను. అక్కడ అలాంటిదేమీ లేదు.

ఆయన కాగితం తీశాడు. ఫలానా ఏడాది ఫలానా విద్యార్థినిపై వేసిన ఆరోపణ తప్పని తేలింది, ఆమె ప్రయోగాలు ఆమె స్వయంగా చేసినవే, అందుకు డిపార్టుమెంటు చింతిస్తోంది. మూడు వాక్యాలూ తన చొక్కా గుండీలకి చెప్పుకున్నట్టు గబగబా గొణిగేసి, కాగితం మడిచాడు.

చుక్క ఉన్నచోటి నుంచి కదల్లేదు. గొంతు పెంచలేదు.

"సార్, వెనక బెంచీకి వినపడలేదు. మళ్ళీ చదవండి."

పిల్లలందరూ తలలు తిప్పారు. ఒక బ్యూరెట్ కొళాయి ఎవరో కట్టేయడం మర్చిపోయినట్టున్నారు, ఫ్లాస్కులో ద్రావణం గులాబీ రంగు దాటి ఎర్రబడిపోయింది. హెడ్డు ఆమె వైపు చూశాడు. అప్పుడు చూశాడు నిజంగా, పదేళ్ళ తర్వాత మొదటిసారి. ఈ పిల్లెవరో, ఏం చేశాడో, ఎక్కడ నిలబెట్టాడో ఆ కళ్ళలో అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కాగితం మళ్ళీ విప్పాడు. ఒక్కో మాటా విడివిడిగా, గదంతా వినపడేలా చదివాడు. 'చింతిస్తోంది' దగ్గర ఆగాడు. దగ్గి, ఆ మాట మళ్ళీ చదివాడు.

"ఇప్పుడు వినపడింది సార్" అంది చుక్క.

ఆయన వెళ్ళిపోయాక బయట వరండాలో నేను అడిగాను. "రెండోసారి చదివించాల్సిందంటావా? పెద్దవాడు, రిటైరయ్యే వయసు."

"జాలి కలుగుతుందేమో అని భయపడ్డాను మేడమ్. కలగలేదు. మూడోసారి కూడా చదివించాలనిపించింది. మీరున్నారని ఊరుకున్నాను."

వాళ్ళమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఎవరున్నా ఏంటే, చదివించాల్సింది" అంది.

కొత్త మార్కుల జాబితా వారానికి వచ్చింది. చుక్క దాన్ని నాకు చూపించడానికి తెచ్చినప్పుడు పగలబడి నవ్వుతోంది. జీపీఏ ఐదు పాయింట్ తొమ్మిది. ఇంత పోరాటం చేశాక కూడా ఆరు కాలేదు. ఆ హెడ్డు ఆ రోజు న్యాయంగా ఉన్నా కూడా, ఆ ఎర్ర అక్షరాల తర్వాతి పేజీ ఈమెకి తెరుచుకునేది కాదన్నమాట.

"మిగతాది నీదేనమ్మా. లెక్కల పేపరు తప్పింది నువ్వే" అన్నాను, ఉన్నమాట చెప్పాలి కదా.

"ఆ సున్నాలు లేకపోతే లెక్కల క్లాసు ఎగ్గొట్టేదాన్ని కాదు. ఆ పాయింట్ ఒకటి కూడా ఆయన నెత్తినే రుద్దుతాను" అంది.

పీజీ ఎనిమిది పాయింట్ ఏడుతో పూర్తిచేసింది. పటిక, ఫ్లోరైడ్ మీదే ప్రాజెక్టు చేసింది. ఇప్పుడు మా ల్యాబులోనే సీనియర్ ఎనలిస్టు, బయటి పరీక్షకుడిగా వచ్చినాయన దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. హెడ్డు ఆ మరుసటి ఏడాది రిటైరయ్యాడు. వీడ్కోలు సభకి చుక్కని కూడా పిలిచారు. పని ఉందని వెళ్ళలేదు. నిజంగానే పని ఉంది, నేను చూశాను, ఆ రోజు నూట ఇరవై సీసాలు వచ్చాయి.

అన్నకూతురి ఉద్యోగం పోలేదు. ఆమె మీద చర్య తీసుకోవాలా అని కమిటీ అడిగితే, అది మీ ఇష్టం, నాకు సంబంధం లేదు అందట చుక్క. దయతో అన్న మాట అనుకున్నాను అప్పుడు. కాదని తర్వాత తెలిసింది.

చుక్క పీజీ అయిపోయిన నెలలో ఆ అన్నకూతురు ఆమెకి ఉత్తరం రాసింది. చేత్తో రాసిన ఉత్తరం, రెండు పేజీలు. నన్ను చదవమని ఇచ్చింది చుక్క. ఆ రోజు లైబ్రరీ మెట్ల మీద నుంచి లేచి వెళ్ళినందుకు ఇప్పటికీ భోజనం డబ్బా తెరిచినప్పుడల్లా సిగ్గేస్తోందనీ, బాబాయికి భయపడి నోరు మూసుకున్నాననీ, అప్పట్లో ఆయన పోషణలో చదువుకుంటున్న పిల్లననీ, క్షమించావన్న ఒక్క మాట రాస్తే చాలనీ రాసింది. చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. అబద్ధం రాసిందని నాకు అనిపించలేదు.

"జవాబు రాయవే. రెండు వాక్యాలు చాలు" అన్నాను.

చుక్క ఉత్తరం తీసుకుని నీటుగా మడిచి సొరుగులో పెట్టింది. "దస్తూరి బాగుంది" అంది.

"అంతేనా?"

"ఆయన మీద కోపం ఆ రోజు క్లాసులో సగం తీరిపోయింది మేడమ్. ఆయన నన్ను ఎరగడు, నేనెవరో ఆయనకి పట్టలేదు. ఈమెకి నేను తెలుసు. నా పక్కన కూర్చుంది, నా డబ్బాలోంచి తింది. తెలిసీ లేచి వెళ్ళింది. పదేళ్ళు నేను ఒక్క మాట కోసం ఎదురుచూశాను. ఈమెని కూడా చూడనివ్వండి."

నేను రిటైరై మూడేళ్ళయింది. ఆదివారాలు చుక్క వాళ్ళింటికి వెళ్తుంటాను. ల్యాబు కబుర్లు చెబుతుంది, పీహెచ్‌డీ గైడు మీద చాడీలు చెబుతుంది, వాళ్ళమ్మ మిషను మీద నుంచి మధ్యమధ్య ఒక చురక వేస్తుంది. ప్రతిసారీ లేచేముందు ఆ ఉత్తరం సంగతి అడుగుతాను. "చూద్దాం మేడమ్" అంటుంది. కోపంగా అనదు, నవ్వుతూనే అంటుంది. ఉత్తరం వచ్చి ఇది నాలుగో ఏడు. ఇంతవరకు జవాబు రాయలేదు.